వాగు రాళ్ల మీద బండి గాడులు

కోర్టు కమిషనర్ వస్తాడన్న రోజు పొద్దున్నే చేనుకు బయలుదేరిన పుష్పలత రోడ్డు మీదే ఆగిపోయింది. బాట లేదు! రోడ్డు నుంచి తమ మిర్చి చేనుకు పోయే బండ్లబాటను దున్నేసి, పామాయిల్ మొక్కలు నాటేశారు.

ఆ బాట పోయే పక్క భూమిని కిందటేడు కొన్న బాలకృష్ణ మొన్నామధ్య దారికి అడ్డంగా తీగ కంచె వేసినప్పుడే ఆమె సత్తుపల్లిలో లాయర్ రాజ్యశ్రీ దగ్గరికి పరుగెత్తింది.

“భూమి ఆయనదే గద మేడమ్, మాకేం హక్కుంటది?”

“భూమి ఆయనదే. నడిచే హక్కు మీది. ఇరవై ఏండ్లకు పైగా ఎవరి దయా లేకుండ, ఎవరూ ఆపకుండ వాడుకున్న దారి మీద హక్కు పుడ్తది. దాన్ని ఈజ్‌మెంట్ అంటరు. కేసు తేలేదాకా అడ్డం పెట్టొద్దని కోర్టు ఇచ్చే ఆర్డరు ఇంజంక్షన్. ముందైతే కమిషనర్ వచ్చి కళ్లతో చూసి కోర్టుకు చెప్తడు.”

చూడ్డానికి ఇప్పుడేముంది? కమిషనర్ జగదీష్ రానే వచ్చాడు. “ఇక్కడ బాట ఎక్కడుందండీ? మీరే చూడండి” అన్నాడు బాలకృష్ణ. జగదీష్ అటూ ఇటూ చూసి పెదవి విరిచాడు.

పుష్పలతకు ఒక్కసారిగా మెరుపులా తట్టింది.

“సార్! వాగును దున్నలే గద!”

చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని పరుగు తీసింది. ఆ బాట వాగును దాటే చోట, బండ్లు దిగబడకుండా మామ దూలయ్య వయసులో ఉండగా బల్లపరుపు రాళ్లు పరిచాడు. వాటి మీద ఇసుక మేట వేసింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా తోడసాగింది. వెనకే అత్త ముత్తక్క రొప్పుతూ వచ్చి పక్కన కూలబడింది.

“జల్దీ తియ్యి పిల్లా, గీడనే ఉంటయ్!”

రాళ్లు బయటపడ్డాయి. వాటి మీద ఎడ్లబండి చక్రాలు అరగదీసిన రెండు గాడులు, నేరుగా దున్నేసిన బాట వైపే పోతున్నాయి. జగదీష్ గాడిలో వేళ్లు పెట్టి చూశాడు.

“ఇది ఏడాది రెండేండ్లల్ల పడ్డ గాడి కాదు” అంటూ ఫొటోలు తీసుకున్నాడు.

మరుసటి వారం రాజ్యశ్రీ ఫోన్ చేసింది. “ఇంజంక్షన్ వచ్చింది పుష్పలతా! కేసు ఇంకా నడుస్తది. తేలేదాకా మాత్రం మీ దారికెవ్వరూ అడ్డం రావొద్దు.”

పుష్పలత వేసిన కేకకు వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

సాయంత్రం బాలకృష్ణే వచ్చి తీగ విప్పాడు. “మొక్కలు తొక్కకుండా బండి పోనివ్వమ్మా” అన్నాడు, ముఖం చూడకుండానే.

“మేమే తీసి పక్కకు నాటిస్తం లెండి” అంది పుష్పలత. అన్నట్టే చేశారు.

తెల్లారి మిర్చి బస్తాల ట్రాక్టరు వాగు దాటి రోడ్డెక్కింది. బస్తాల మీద కూర్చున్న ముత్తక్క ఎదురొచ్చిన ప్రతి మనిషికీ అరిచి చెప్పింది: “మా కోడలు ఇంజంక్షన్ తెచ్చింది!”