చెరిపేసిన ఎర్రచుక్కలు

సంచి అడుగున తువ్వాలు పరిచి, రొట్టెల మధ్య పెట్టిన పంది వేపుడు ముక్కలు, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయల సీసా సర్దింది ద్రహొమీరా. సర్దినదంతా మళ్ళీ బయటికి తీసింది. ఉన్ని మేజోళ్ళు అడుగున పడితే, కాళ్ళు తడిసినప్పుడు చేతికి అందవు. వాటిని పైన పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఒక్క పగటికి ఇంత సామానెందుకే? నేనేమన్నా సైబీరియా పోతున్నానా?" అన్నాడు ఓతకార్, బూటు తాళ్ళు బిగించుకుంటూ.

"మా నాన్న కూడా ఒక్క పూటకే అని పోయాడు."

"మొదలుపెట్టావా! మీ నాన్నని పోలీసులు తీసుకుపోయారు. నన్ను వెండెలీన్ తీసుకుపోతున్నాడు. వాడి బండి కన్నా పోలీసుల బండే నయమనుకో."

ద్రహొమీరాకు నవ్వు రాలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, సంచి మూతి బిగించాక ముడిని ఇంకోసారి లాగి చూడడం ఆమె మానలేదు. నాన్న పోయినప్పుడు ఆమె చిన్నపిల్ల. అరవై ఎనిమిదిలో పరాయి సైన్యం దేశంలోకి దిగాక అన్న ఆస్ట్రియా వైపు బయల్దేరినప్పుడు సంచి సర్దింది ఆమే. వచ్చేటప్పుడు నీకు మంచి జోళ్ళు తెస్తానన్నాడు. ఆ జోళ్ళు ఇంతవరకూ రాలేదు, అన్నా రాలేదు.

బయట కారు హారన్ మోగింది. వెండెలీన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "వదినా, మీ ఆయన్ని పంపిస్తావా, కొంగుకి ముడేసుకుంటావా?" అని అరిచాడు. ఓతకార్ ఒక భుజానికి సంచి, మరో భుజానికి తోలు ఒరలో తుపాకి తగిలించుకుని, ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు. ఆ హడావిడిలో సెల్‌ఫోను రొట్టెల పెట్టె మీదే మర్చిపోయాడు.

ప్రతి శరదృతువులోనూ పాత తుపాకుల వాళ్ళంతా కొండ అవతలి పాడుబడ్డ రాతిగనిలో కలుస్తారు. ఓతకార్‌దీ వెండెలీన్‌దీ ఒకే రకం తుపాకి. దాన్ని అందరూ 'యాభైరెండు' అంటారు. మీట నొక్కగానే పేలి, తరవాతి తూటాను తనే లోపలికి లాక్కునే పాత సైనిక తుపాకి. దాన్ని తయారుచేసిన కొన్నేళ్ళకే సైన్యం తూటా కొలత మార్చేసింది. అప్పటి నించి దాని తిండి దానికి దొరకదు. వేరే తుపాకి తూటాల ఇత్తడి గుల్లలు, అంటే మందు కూరే తొడుగులు, తెచ్చి, కోసి, మెడ నొక్కి ఆ కొలతకు దింపుకోవాలి. ఒకసారి దించిన గుల్లని ప్రాణంలా దాచుకుని మళ్ళీ మళ్ళీ నింపుకోవాలి.

అలా పదేపదే కాల్చిన గుల్లకి, అడుగుకి కాస్త పైన, లోపలి వైపు సన్నని గాడి పడుతుంది. అది కంటికి ఆనదు. వంచిన తలపిన్ను కొసతో లోపల గీరితే టక్కున తగులుతుంది. అక్కడే ఏదో ఒక రోజు గుల్ల తెగి, ముందుకు పోవలసిన నిప్పు వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికి వస్తుంది. ఓతకార్ వేళ్ళు మొద్దుబారి చాలా కాలమైంది, చూపూ మందగించింది. అందుకని గీరి చూసే పని ద్రహొమీరాది. గాడి తగిలినదాని అడుగున గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి, కాఫీ డబ్బాలో పడేస్తుంది. వాటిని సుత్తితో నలగ్గొట్టమని ఆమె ఎన్నిసార్లు పోరినా ఓతకార్ ఒప్పుకోడు. ముసలి కుక్కని కొట్టి చంపుతామా అంటాడు.

ఈ ఏడాది డబ్బాలోకే ఎక్కువ పోయాయి. మిగిలిన మంచివి ఒక్కడికి సరిపోతాయి, ఇద్దరికి చాలవు. వెండెలీన్ దగ్గర ఒక్కటీ లేదు. ఆ రాతిగనిలో ఒక కట్టుబాటుంది: తూటాల్లేని వాడికి, అదే కొలత తుపాకి ఉన్నవాడు తను కాల్చే ముందే తన వాటిలోంచి ఇవ్వాలి. దాన్ని గొంతు ఇవ్వడం అంటారు. ఏడాదికి ఒక్కసారైనా పేలని తుపాకి మూగది. దాని యజమాని మరుసటి ఏడు రానక్కర్లేదు. పోయిన శనివారం భోజనం దగ్గర ద్రహొమీరా అడిగింది, మరి వెండెలీన్‌కి ఏమిస్తావని. ఓతకార్ నోట్లో ముద్ద నెమ్మదిగా నమిలి, "చూద్దాంలే" అన్నాడు.

కారు మలుపు తిరిగాక ఆమెకు ఆ 'చూద్దాంలే' గుర్తొచ్చింది. పెరటి కొట్టులోకి వెళ్ళింది. బల్ల మీద రంగు తుడిచే మందు ఘాటు ఇంకా పోలేదు. బల్ల కింద పాత బనీను గుడ్డ ఒకటి పడుంది. దాని నిండా ఎర్రటి మరకలు. కాఫీ డబ్బా తీసి ఊపింది. చప్పుడు లేదు.

అంతా ఒక్కసారి అర్థమైంది. మంచివి వెండెలీన్‌కి ఇచ్చేసి, పారేసినవి నింపుకుని తను కాల్చబోతున్నాడు. గని దగ్గర తూటాలు తనిఖీ చేసే హీనెక్‌కి ఎర్రచుక్క సంగతి తెలుసు. అందుకే చుక్కలు చెరిపేశాడు.

రాతిగని పక్కనున్న హోటల్‌కి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అందరూ కాల్పులు చూడ్డానికి పోయుంటారు. ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతోనే వీధి దాటి వెండెలీన్ ఇంటి తలుపు బాదింది. అతని భార్య యర్మిలా చేతినిండా పిండితో వచ్చి తలుపు తీసింది.

"యర్మిలా, నన్ను గని దగ్గరికి తీసుకుపో. ఇప్పుడే. ఓతకార్ చచ్చిపోతాడు."

"మళ్ళీనా అక్కా? వాళ్ళు చేపలకి పోయినప్పుడు చెరువులో మునిగాడన్నావు. పళ్ళ డాక్టరు దగ్గరికి పోతే ఆలస్యమైందని అంబులెన్సుకి ఫోను చేశావు. ఆ డాక్టరు ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతాడు."

"ఈసారి నిజం."

"ప్రతిసారీ ఈసారి నిజమే అంటావు."

ద్రహొమీరా గుడ్డ చూపించింది. "నేను పారేసినవి పట్టుకుపోయాడు. తెగుతాయి. మొహం మీదే తెగుతాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను, తల్లీ."

నిజంగానే వంగబోయింది. యర్మిలా పిండిచేతులతోనే ఆమె రెక్క పట్టి లేపింది. "ఛ, లే. వస్తున్నా. మా ఆయన కారు పట్టుకుపోయాడు. గుడ్ల బండే గతి."

గుడ్ల బండి అంటే పక్కన తొట్టి ఉన్న పాత మోటారుసైకిలు. యర్మిలా గుడ్ల అట్టలు దించి, ద్రహొమీరాని తొట్టిలో కుదేసి, తలకి రుమాలు కట్టుకుని బండి తన్నింది. అది దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తన్నింది. తొట్టిలో ద్రహొమీరా రెండు చేతులూ జోడించి దేవుణ్ణి, యర్మిలాని, బండిని కలిపి వేడుకుంటోంది.

దారి పొడుగునా యర్మిలా అరుస్తూనే ఉంది. "చూడక్కా, అక్కడికి పోయాక ఆయన బీరు తాగుతూ కనిపిస్తే, వచ్చేటప్పుడు నువ్వు నడిచే రావాలి!"

"నడిచే వస్తాను. పాక్కుంటూ వస్తాను. తొందరగా పోనీ."

"గుడ్లు మోసే బండే ఇది, గుర్రం కాదు!"

కొండెక్కేటప్పుడు బండి నడకకన్నా నెమ్మదించింది. అవతలి నించి కాల్పులు వినిపిస్తున్నాయి. ఒక్కొక్క పేలుడుకీ ద్రహొమీరా తొట్టి అంచు పట్టుకుని ముందుకు వంగుతోంది. అందులో ఏది తన మొగుడిదో ఆమెకు తెలియదు.

గని అంచున, కాల్పులు సాగుతున్నాయనే గుర్తుగా, ఎర్రజెండా ఎగురుతోంది. తాడు కట్టిన గీత వెంబడి చాపల మీద మగవాళ్ళు బోర్లా పడుకుని, ఎదుటి రాతిగోడ కిందున్న పలకల మీద గురిపెట్టారు. చూసేవాళ్ళతో సహా అందరి చెవులకీ మూతలున్నాయి. ద్రహొమీరా తొట్టిలోంచి దిగలేక పడినంత పని చేసి, లేచి చూసింది. ఓతకార్ చాప మీద లేడు. వెనకాల గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఎగిరిపడ్డ తన ఖాళీ గుల్లల్ని ఏరి టోపీలో వేసుకుంటున్నాడు. రెండు కళ్ళూ ఉన్నాయి. పది వేళ్ళూ ఉన్నాయి.

ఆమె వెళ్ళి అతని భుజాల మీద పడింది. అతను ఉలిక్కిపడి ఒక చెవి మూత ఎత్తాడు.

"నువ్వెక్కణ్ణించి ఊడిపడ్డావు?"

"చెరిపేసి తెచ్చావా? సిగ్గులేదూ? ముసలాడివయ్యావు, బుద్ధి రాలేదూ?"

"అరవకు. హీనెక్ వింటాడు. అయిపోయింది, అన్నీ కాల్చేశాను. ఒక్కటీ తెగలేదు. నీ తలపిన్ను పిరికిది, నీలాగే." అతని మొహం పెళ్ళినాడు వెలిగినట్టు వెలుగుతోంది. "ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కాల్చలేదు, ద్రహా."

ఆమె ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూనే, అలవాటు కొద్దీ, టోపీలోంచి వెచ్చటి గుల్ల ఒకటి తీసి, జుట్టులోంచి పిన్ను లాగి లోపల గీరింది. నున్నగా ఉంది. ఇంకొకటి తీసింది. నున్నగానే ఉంది. గాడి పడిన గుల్ల కాలిస్తే గాడి లోతవుతుంది తప్ప మాయమవదు.

"ఓతా," అంది. "ఇవి నేను పారేసినవి కావు. ఇవి మంచివి."

"అదెలా? మంచివి వెండెలీన్‌కి ఇచ్చాను. రెండు పెట్టెలూ హీనెక్ బల్ల మీద పెట్టాను. ఆయన చూసి తిరిగిచ్చాడు. కుడివైపుది..." అని ఆగిపోయాడు. తనిఖీ చేసేవాడు బల్లకి అవతల నిలబడతాడు, ఆయన కుడి తనకు ఎడమ. ఆయన ఏ చేత్తో ఏ పెట్టె తిరిగిచ్చాడో చూసుకోలేదు. చుక్కలుండి ఉంటే చూసుకునే పనే లేదు.

ఇద్దరూ ఒకేసారి గీత వైపు తిరిగారు. చివరి చాప మీద వెండెలీన్ చెంప తుపాకి కర్రకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"వెండెలీన్! ఆపు! వెండెలీన్!"

గనిలో రాళ్ళకి కూడా వినబడేలా అరిచింది ద్రహొమీరా. ఒక్క తలా తిరగలేదు. అందరివీ మూసిన చెవులే. పక్కనే నిలబడ్డ యర్మిలా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. "మా ఆయన పేరెందుకు పిలుస్తున్నావు?"

ఓతకార్ తాడు కింద నించి దూరి పరిగెత్తాడు. గీత దాటినవాణ్ణి చూసి హీనెక్ ఎర్రజెండా దించి, ఈల ఊదాడు. ఆ ఈల కూడా చెవులు మూసుకున్నవాడికి ఏం వినిపిస్తుంది? ఓతకార్ చెయ్యి వెండెలీన్ బూటుకి అందేలోపు తుపాకి పేలింది. ఆ చప్పుడు వేరు. పేలినట్టు లేదు, లోపల ఏదో చిట్లినట్టుంది. పొగ వెనక్కి వచ్చింది.

వెండెలీన్ లేచి కూర్చున్నాడు. ఒక కంటి మీద అరచెయ్యి పెట్టుకుని, "ఏమైంది? దీపం ఎవరు ఆర్పారు?" అన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. యర్మిలా పరిగెత్తి అతని తల ఒళ్ళోకి తీసుకుంది. ఆమె చేతులకి పిండి అలాగే అంటి ఉంది.

అంబులెన్సులో యర్మిలా వెళ్ళింది. ఓతకార్‌ని హీనెక్ తన కారులో వెనకాలే బ్ర్నో నగరంలోని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ద్రహొమీరా కారు తలుపు పట్టుకుని తనూ వస్తానంది. అప్పటికే వచ్చిన పోలీసులు ఒప్పుకోలేదు. ఆ తూటాలు మంచివో కావో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. "ఓతా, నా వైపు చూడు," అని అద్దం మీద కొట్టింది. అతను తన చేతుల వైపే చూసుకుంటున్నాడు. కారు కదిలిపోయింది. ఆమె దాని వెంట పడింది గానీ, చెప్పులతో రాళ్ళ మీద ఎంత దూరం పోగలదు?

చుక్కలు పెట్టింది ఎవరు, చెరిపింది ఎవరు అని పోలీసులు అడిగారు. అబద్ధం చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. నేనే పొరపాటున మంచివాటిలో కలిపాను అందామనుకుంది. కానీ బల్ల మీద వాళ్ళు పరిచిన గుల్లల్లో ఒకదాని అంచున, సరిగా తుడవని ఎర్రరంగు ఇంకా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పింది.

తరవాత ఏం జరిగిందో యర్మిలా చెప్తేనే తెలిసింది. కన్ను పోయింది, ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడట. ఓతకార్ బెంచీ మీద నించి లేచి, "నేను తీసుకోవలసింది వాడికిచ్చాను," అన్నాడట. యర్మిలా ఆ క్షణాన, "ఇంక నా కళ్ళబడకు," అందట. కోపంలో అన్న మాట. అతను తల ఊపి, మెట్లు దిగి వెళ్ళాడట. సిగరెట్టు కాల్చుకోడానికి అనుకుందట.

పోలీసులు వెతికారు. ద్రహొమీరా స్టేషన్లూ ఆసుపత్రులూ తిరిగింది. నదిలో కూడా వెతికించింది. ఎక్కడా దొరకలేదు. వెండెలీన్ ఒంటి కంటితో క్రిస్మస్ ముందే ఇంటికొచ్చాడు. యర్మిలా వారానికోసారి గుడ్లు తెచ్చి, తలుపు తట్టకుండా ద్రహొమీరా గుమ్మంలో పెట్టి పోయేది.

ఓతకార్ తిరిగి రాలేదు. అతను బ్ర్నో ఆసుపత్రి మెట్లు దిగింది రెండువేల నాలుగు, అక్టోబరు తొమ్మిది, శనివారం సాయంత్రం.