వేనుకు వెనకచూపు

“అమ్మా, వేన్‌కి సెన్సారు పెట్టేద్దామే,” అన్నాడు వినోద్.

చేప తోముతున్న కూర్మమ్మ చెయ్యి ఆగిపోయింది. “వేన్లో సంసారం పెడతావా? ఇల్లు ఇరుకైపోనాదేటిరా నీకు?”

“సంసారం కాదే, సెన్సారు! సెన్సారు!”

“మళ్లీ అదే మాట, సిగ్గులేకుండా! ఓలమ్మో, ఇటు సూడండే! నా కొడుకు వేరైపోతాడంట! వేన్లో కాపురం పెడతాడంట!”

సముద్రం ఒడ్డున ముక్కాం ఊళ్లో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. పొరుగింటి దానమ్మ ఎండబెడుతున్న నెత్తళ్ల చేపలను వదిలేసి మరీ వచ్చి, “పిల్ల ఎవురే?” అని అడిగింది.

కూర్మమ్మ ఎడమ చెవి కమ్మ పెట్టుకోవడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. కుడి చెవిలో సముద్రం హోరు సగం అద్దెకుంటోంది. మిగిలిన సగంలోకి మాట దూరాలంటే అరవాలి. వినోద్ అరిచాడు. విజయనగరంలో కార్లను ముస్తాబు చేసే షాపులో పని కనక వివరంగానే అరిచాడు. సెన్సారంటే, బండి వెనక ఏదైనా అడ్డొస్తే కీచుమని కూసే బిళ్ల. దానికి తోడు వెనక ఒక కెమెరా, ముందు ఒక చిన్న టీవీ. రివర్సు గేరు వెయ్యగానే వెనకున్నదంతా టీవీలో కనిపిస్తుంది.

“కూసీది వొద్దు,” అంది కూర్మమ్మ. “కుయ్యడానికి ఈ ఇంట్లో నాను సాలనేటి? టీవీ ఒక్కటీ ఎట్టు. అప్పుడైనా మీ బావ గోడలు గుద్దడం మానతాడేమో.”

అసలు బాణం అక్కడికే. వాకిట్లో ఐసుపెట్టె కడుగుతున్న కొండబాబు తలెత్తాడు. కూర్మమ్మకి అల్లుడు, ఇల్లరికం. ఒకప్పుడు పడవ మీద వెళ్లేవాడు. తెడ్డు తగిలి భుజం విరిగాక వల లాగడానికి చెయ్యి రాదు. అత్త వేనులో ఎక్కించుకుని రోజూ నెల్లిమర్ల బజారుకు చేప తోలడమే అతని బతుకు. ఆ వేనే మధ్యాహ్నం కడిగి అగరొత్తులు గుచ్చితే ఇంటిల్లిపాదినీ పెళ్లిళ్లకు మోసే వేను. పెళ్లివారు మాత్రం భోజనాల దగ్గర వీళ్లకు కాస్త దూరంగా కూర్చునేవారు.

“గుద్దినాను అత్తా,” అన్నాడు కొండబాబు. “ఒక్క గోడ. నీ కొడుకు మోటారుసైకిలు మీద గుద్దినవి లెక్కెట్టు ముందు.”

“నా బండి నా ఇష్టం బావా. నువ్వు గుద్దింది మాయమ్మ బండి,” అన్నాడు వినోద్.

“మీయమ్మ బండికి మీయమ్మే కావిలి కాస్తన్నాది. నువ్వెందుకురా మధ్యన?”

“నాకు తోలడం వచ్చు గనక.”

కెమెరా అన్నారు గానీ, ఆ ఇంటికి అది కయ్యమేరా! కూర్మమ్మ అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. కెమెరా పెట్టాక అల్లుడు ఇంకోసారి దేన్నైనా గుద్దాడా, వేను తాళం వినోద్ చేతికి. అల్లుడు వేను వెనక కూర్చుని తట్టలు దింపుకోవాలి. మాట వినే చెవి ఆ ఇంట్లో ఒక్కటే, అది తాళంచెవి. అది బావమరిది చేతిలో పడితే తన గతేమిటో కొండబాబుకు బాగా తెలుసు.

ఆదివారం వినోద్ వేను డోరు ఊడదీసి వైర్లు లాగాడు. నిజానికి షాపులో అతని పని సీట్లకు తొడుగులు తొడగడం. కెమెరాలు బిగించేది అవతలి బల్ల వాళ్లు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మొత్తానికి బిగించి, రివర్సు గేరు వేసి, అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ముందుచూపు లేని ఇంటికి వెనకచూపు వచ్చింది.

వేను వెనక ఇంటి గోడ మీద ‘శ్రీ కూర్మనాథ ప్రసన్న’ అని ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. కూర్మమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. టీవీకేసి చూసి గుండె పట్టుకుంది.

“ఒరే! దేముడి పేరు తిరగబడిపోనాదేటిరా?”

వినోద్ చూశాడు. నిజమే, అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు వెనకనుంచి ముందుకున్నాయి. “పీసు తేడా అనుకుంటానే.”

“తేడాయో గీడాయో నాకు తెల్దు. నా స్వామి పేరు అడ్డదిడ్డంగా ఉన్న బండి నా గుమ్మంలో ఉండకూడదు. సరిసెయ్యి బేగి!”

వినోద్ షాపులో దోస్తుకు ఫోను చేశాడు. అక్షరాలు తిరగబడ్డాయన్నాడు. అవతలివాడు ఇంకేమీ అడక్కుండా, కెమెరా దగ్గర ఉంగరంలా చుట్టిన ఆకుపచ్చ వైరుంటుంది, తుంచెయ్యమన్నాడు. వినోద్ తుంచి టేపు చుట్టాడు. దేవుడు నిటారుగా నిలబడ్డాడు. కూర్మమ్మ టీవీకి కర్పూరం వెలిగించి, అల్లుడి వైపు తిరిగి మంత్రం చదివింది: “ఈయాల్టినుంచి అద్దాలు సూడకు, ఎనక్కి మెడ తిప్పకు. టీవీయే సూడు. సూడకుండా గుద్దినావో, తాళం పోద్ది.”

“సూస్తాను. కళ్లు పెద్దవి సేసుకుని మరీ సూస్తాను,” అన్నాడు కొండబాబు.

మర్నాడు నెల్లిమర్ల నుంచి తిరిగొచ్చి వాకిట్లోకి వేను వెనక్కి పెడుతుంటే అత్త గుమ్మంలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. కొండబాబు అద్దాలవైపు కన్నైనా తిప్పలేదు. టీవీలో కుడిపక్కన నేలమీద పరదా, దాని మీద ఏదో ఆరబోసి ఉంది. స్టీరింగు ఎడమకు తిప్పి జాగ్రత్తగా, పెళ్లికూతురు అడుగులేసినట్టు వెనక్కి వచ్చాడు.

దానమ్మ కేక పూసపాటిరేగ దాకా వినబడి ఉంటుంది. వెనక చక్రం ఆమె నెత్తళ్ల మీదుగా, ఒక్కటి మిగలకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. నెత్తళ్లు కాస్తా నుసి అయ్యాయి. నెత్తి కొట్టుకోవడం ఒక్కటే దానమ్మకు మిగిలింది.

“కళ్లు పెద్దవి సేసుకున్నావు కదేటి అల్లుడా?” అంది కూర్మమ్మ. చెయ్యి చాపింది. “తాళం.”

“అత్తా, అది టీవీలో కుడేపున్నాది! నాను ఎడమకి తిప్పినాను!”

“తాగి తోలితే అన్నీ అలాగే కనబడతాయి బావా,” అన్నాడు వినోద్ అరుగు మీంచి.

“ఒరే, తాగింది నీ నోరు! నన్ను దింపడానికే ఏదో సేసినావు ఆ డబ్బాలో!”

“సాల్లే. ఆడలేక టీవీ మీద పడతన్నావు.”

కొండబాబు భార్య నూకరత్నం లోపల్నుంచి ఊడిపడింది. అటు మొగుడు, ఇటు తమ్ముడు. ఆమెకు ఇద్దరి మీదా సమానంగా మంట. “మీ ఇద్దరి నోళ్లకీ ముందు మూతలెట్టాల! ఒరే తమ్ముడా, అంత గొప్ప టీవీ అయితే నువ్వే తోలి సూపించు. నాను పక్కన కూసుంటాను. నువ్వు సరిగ్గా పెట్టినావా, తాళం నీకే.”

“తోలతాను. తోలనేటి?”

“అద్దాలు మడిసి తోల్రా మరి,” అన్నాడు కొండబాబు. వేను ముందుకు తీయించి, రెండు పక్కలద్దాలూ తనే మడిచేశాడు. వినోద్ స్టీరింగు ముందు, నూకరత్నం పక్క సీట్లో. మెడ తిప్పకుండా ఇద్దరూ బుద్ధిగా ముందుకే చూస్తూ కూర్చున్నారు. కొండబాబు మాత్రం వెనక్కి నడిచి ఏదో దొర్లించుకొచ్చి నిలబెట్టిన చప్పుడైంది.

వినోద్ గేరు వేశాడు. టీవీ వెలిగింది. మరుక్షణం అతని ముఖం ఎర్రబడింది. “ఒరే బావా! నా మోటారుసైకిలు పెట్టినావేటిరా ఎనక!”

“తప్పించుకోరా! నీకు వచ్చు కదా తోలడం!”

వీధి జనం రెండుగా చీలి నిలబడ్డారు. కూర్మమ్మ గోడవార నిలబడి, వేను తాళం తీసిచ్చాక గుత్తిలో మిగిలిన ఇంటి తాళాన్ని పళ్ల మధ్య పెట్టుకుంది. టీవీలో మోటారుసైకిలు కుడిపక్కనుంది. వినోద్ ఎడమకు తిప్పాడు. ఇంకా కొంచెం ఎడమకు. తన సొంత బండి కదా, ఇంకా, ఇంకా ఎడమకు.

ధనామని మోత. హెడ్‌లైటు గాజు గలగలా రాలింది. ఇంతకు ముందు ఆ ఇంట్లో బంపరు పగిలేది, ఇవాళ బావమరిదికి బంపర్ తగిలింది. కొండబాబు ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

“పెళ్లికొడుకు దిగాలి, పెళ్లికొడుకు దిగాలి!”

వినోద్ దిగి అతని చొక్కా పట్టుకున్నాడు. కొండబాబు బాగున్న చేత్తో అతని కాలరు దొరకబుచ్చుకున్నాడు. కూర్మమ్మ నోట్లో తాళంతో ఏదో తిట్టింది గానీ ఎవరికీ అందలేదు.

“ఆగండెహె!” సీట్లోంచే అరిచింది నూకరత్నం. “బండి టీవీలో కుడేపున్నాది. నా కళ్లతో సూసినాను. మనం గుద్దింది ఎడమేపు. అమ్మా, నువ్వు కదలకు! నువ్వు ఏ పక్కనున్నావు?”

“కుడేపు గోడనానుకుని ఉన్నానే, కనబళ్లేదేటి?”

“టీవీలో నువ్వు ఎడమేపున్నావు.”

కాలర్లు వదిలి ఇద్దరూ చూడ్డానికి ఎగబడ్డారు. తరవాత దానమ్మ ఎక్కి చూసింది. ఎదురింటి ఎల్లాజీ వెనక్కి వెళ్లి కుడి చెయ్యెత్తి అటూ ఇటూ గెంతాడు. అతను అటు గెంతితే టీవీలో బొమ్మ ఇటు గెంతింది. కొండబాబు వెనక డోరు తెరిచి, కెమెరా వైరంతా వేలితో తడుముకుంటూ వచ్చి, టేపు చుట్టిన ముక్క దగ్గర ఆగాడు.

“ఇదేటి? కోసినావేటిరా? ముందే అనుకున్నాను. నా పొట్ట మీద కొట్టడానికి!”

“నీ పొట్టేటి, నా హెడ్‌లైటే పోనాది కదా! తెలిసి కోస్తే నా బండిని నానే గుద్దుకుంటానేటి?” అన్నాడు వినోద్. “అమ్మే కోయించింది. దేముడి పేరు తిరగబడిందంది. వైరు తుంచీగానే అక్షరాలు సరైపోనాయి. మిగతాది ఏటవుతాదో నాకేటి తెల్సు?”

“నీకు తెల్దా? ఆ షాపులో నువ్వు సేసిందేటి మరి ఇన్నాళ్లూ?”

వినోద్ నేలకేసి చూశాడు. “సీటు కవర్లు.”

జనంలో ఒకరిద్దరు నవ్వారు. కొండబాబు నవ్వలేదు. అత్తవైపు తిరిగాడు. వీధి కూడా తిరిగింది. కూర్మమ్మ నోట్లోంచి తాళం తీసింది.

“ఏటలా సూస్తన్నారు? ఇనండి, అందరూ ఇనండి! ఆ టీవీ అద్దం లాంటిది. అద్దంలో అక్షరం తిరగబడే ఉంటాది, కానీ కుడి కుడేపే ఉంటాది, ఎడమ ఎడమేపే. నాను అక్షరం సరిసెయ్యమన్నాను. వీడు సరిసేసినాడు. దాంతో కుడెడమలు మారిపోనాయి. నా అల్లుడు టీవీ సూసే తోలినాడు, టీవీయే తప్పు సూపించింది. నా కొడుకూ అదే సూసి గుద్దినాడు. ఎవుడూ ఎవుడి మీదా కుట్ర సెయ్యలేదు. అయిపోనాదా? అర్థమైనాదా దానమ్మా?”

“అర్థమైనాది వొదినా,” అంది దానమ్మ. “మరి నా నెత్తళ్లు?”

“రేపు పడవలు రాగానే తట్టెడు పచ్చివి ఎత్తుకుపో. ఎండబెట్టుకో.” తరవాత వేనుకున్న తాళం పీకి కొండబాబు వైపు విసిరింది. ఇవ్వలేదు, విసిరింది. “తోలు. నీదే.”

కొండబాబు గాల్లోనే పట్టుకున్నాడు. “ముందు వీడు ఆ వైరు కలపాల. కలిపీదాకా బండి కదల్దు.”

“దేముడి పేరో?”

“దేముడు తిరగబడినా ఊరుకుంటాడు అత్తా. దానమ్మ తిరగబడితే మనం తట్టుకోలేం.”

“కలపరా,” అంది కూర్మమ్మ కొడుకుతో.

“కలుపుతాను గానీ, ఆడు అలా నా నెత్తి మీద నిలబడకూడదు.”

“నిలబడతాను,” అన్నాడు కొండబాబు. తాళం చొక్కా జేబులో వేసుకుని, వంగి వైరు గీకుతున్న బావమరిది తల మీదుగా వంగి, టేపు చివరి చుట్టు పడేదాకా అక్కడే నిలబడ్డాడు.