సందు మీద సందు

నా మనవరాలు ఆర్తి బడిలో నోరు విప్పదు. గుడియాత్తంలో వాళ్ల బడి పెద్ద టీచరు నా కూతురు కలైయరసిని పిలిపించి, వేలూరులో తెలివి పరీక్ష చేయించమంది. తక్కువని తేలితే వేరే బడికి పంపించాలట. కలైయరసికి చెప్పుల కంపెనీలో లీవు దొరకలేదు. పాపను నేనే బస్సెక్కించాను.

ఇంట్లో మాది తెలుగే. పరీక్ష పెట్టే చిత్ర మేడంకు తెలుగు రాదు, మాకు తమిళంలోనే చెప్పింది.

"మాటలు అక్కర్లేదు తాతా. అన్నీ బొమ్మలే. పాప వేలు పెట్టి చూపిస్తే చాలు. మీరు మాత్రం మాట్లాడకండి."

ప్రతి బొమ్మలో ఒక మూల ఖాళీ. కింద ఉన్న ముక్కల్లో ఏది అక్కడ అతుకుతుందో చూపాలి. చుక్కలు, చక్రాలు వచ్చినప్పుడు ఆర్తి తడుముకోకుండా చూపించింది. నాకు ఊపిరి వచ్చింది.

తరువాత గడుల బొమ్మలు వచ్చాయి. నిలువు గీతలన్నీ పైనుంచి కిందికి నేరుగా ఉన్నాయి. పాప మాత్రం గీతలు పక్కకు జరిగిన ముక్క మీద వేలు పెట్టింది. అది తప్పని నాకే తెలిసిపోయింది. తరువాతి పేజీలోనూ అంతే. మేడం ముఖంలో నవ్వు తగ్గింది. ఇక వేరే బడేనేమో అనుకున్నాను.

"ఏన్ కణ్ణు ఇదు?" ఇదే ఎందుకని మేడం అడిగి, ఊరికే చూస్తూ కూర్చుంది. కాసేపటికి పాప నావైపు తిరిగింది.

"సందు మీద సందు వస్తే గోడ పగిలిపోతాది గదా తాతా. నువ్వే గదా చెప్పినావు."

నిజమే. నేను గోడలు కట్టేవాణ్ణి. సెలవుల్లో పాప నా వెంట పనికి వచ్చేది. కింది ఇటుకల సందు మీదికి పై సందు రాకూడదని నేనే నేర్పాను. ఆ సంగతి మేడంకు తమిళంలో చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి నవ్వింది.

"బాగుంది. కానీ ఆ పేజీలకు మార్కు ఇవ్వలేను తాతా. ఇది గోడ కాదని చెప్పండి, అంతే."

"ఇది గోడ కాదమ్మా, ఉత్త బొమ్మ. దీంట్లో ఎవురూ కాపురం ఉండరు."

"ముందే చెప్పుండకూడదా?" అని గొణిగి, ఆర్తి తరువాతి పేజీ తనే తిప్పింది.

అన్నీ అయ్యాక మేడం లెక్క చూసుకుని, పాప తెలివికి లోటేమీ లేదు, ఆ బడిలోనే ఉండనీయండి అంది. నా ముందే పెద్ద టీచరుకు ఫోన్ చేసి, ఈ పాపను అడిగాక జవాబు వచ్చేదాకా కొంచెం కాచుకోండి అని చెప్పింది. తరువాత ఆర్తిని దగ్గరకు తీసుకుని, బడిలో ఎందుకు జవాబు చెప్పవని అడిగింది.

"నేను చెప్పబొయ్యేలోపల టీచర్ ఇంకోర్ని లేపేస్తాది. నేనూ తాత మాదిరే. తాత చారు కావాలనేలోపల అవ్వ కుండ కడిగేసుంటాది."

పాప తెలుగు మాటలు మేడంకు నేనే తమిళంలో చెప్పాల్సి వచ్చింది. నిజమేనా తాతా అని ఆమె అడిగింది. నేను నోరు తెరిచేలోపల ఇద్దరూ నవ్వేశారు.