మూడో చెరువు

శనివారం వచ్చిందంటే కౌశల్‌ది కాలు కాలిన పిల్లి వాటం. మారతహళ్ళి ఫ్లాట్‌లో కాఫీ కూడా నిలబడే తాగుతాడు. గాలి కొడితే పడవయ్యే కయాక్ డిక్కీలో, తెడ్డు వెనక సీట్లో, చెత్త ఏరడానికి నల్ల సంచుల చుట్ట ముందర అద్దం దగ్గర. ఆనేకల్ వైపో హోసకోట వైపో, ఫోన్‌లో నీలంగా కనిపించిన ప్రతి చెరువూ అతనికి పిలుపే. పోనీ పోయినచోట కుదురుగా కూర్చుంటాడా అంటే అదీ లేదు. పడవ మీద ఒక చుట్టు చుట్టి, నాలుగు ప్లాస్టిక్ సీసాలు ఏరి, వాటిని ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టేసరికి మళ్ళీ కాలు నిలవదు. ఇంకొంచెం పోతే ఇంతకన్నా మంచి లేక్ ఉందంట హరీ, అంటాడు. ఇంతకన్నా మంచి చెరువు ఎప్పుడూ ఇంకొంచెం దూరంలోనే ఉంటుంది మరి.

అతని భార్య హరిణి పక్క సీట్లో నిమ్మకాయ ఒకటి గోటితో గిల్లి వాసన చూస్తూ కూర్చుంది. ఏంటది అని అడిగితే, కారు పడట్లేదని చెప్పింది. కారు ఆమెకు ఎప్పుడూ పడుతుంది. చెప్పాల్సిన మాట వేరే ఉంది. మళ్ళీ నెల తప్పింది.

ఆ మాట ఫ్లాట్‌లోనే చెప్పొచ్చు కదా అంటే, దానికో కథ ఉంది. కిందటేడు కడుపు ఐదో నెలలో పోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చి ఆమెను పడుకోబెట్టి, కౌశల్ అంట్లు తోమాడు, బట్టలు ఆరేశాడు. ఆ శనివారం కారు తీశాడు. అంతకుముందు శనివారాలు మధ్యాహ్నం దాకా దుప్పటి వదలని మనిషి అతను. అప్పటినుంచి ఆ ఇంట్లో పోయిన బిడ్డ మాట ఎత్తినవాళ్ళు లేరు. ఒంటరిగా ఉండలేక హరిణి కూడా కారెక్కడం అలవాటు చేసుకుంది. ఇంట్లో చెబితే తాళాల కోసం లేస్తాడని ఆమె భయం. నీళ్ళ దగ్గరైతే కాసేపు కూర్చుంటాడేమో, అప్పుడు చెబుదామనుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మొగుణ్ణి అర్థం చేసుకోలేదన్నమాట.

మొదటి చెరువు దగ్గర ఇడ్లీ పొట్లం విప్పి, గొంతు సవరించుకుంది. అతను సగం ఇడ్లీ చేతిలో పట్టుకుని గట్టు మీద పచార్లు చేస్తున్నాడు. రెండో చెరువు నిండా గుర్రపుడెక్క. ఛీ, వాసన, అని కారు తిప్పేశాడు. హరిణికి ఒళ్ళు మండిపోయింది. మాట నోట్లోనే ఉండిపోయింది.

మూడోది జిగణి దాటాక, ఫ్యాక్టరీ షెడ్లు పలచబడి రాగిచేలు మొదలయ్యే చోట ఉంది. ఈసారి వానలు బాగా పడి, ఎన్నో ఏళ్ళ తర్వాత అలుగు పారుతోంది. ఊరి ఆడవాళ్ళంతా అలుగు దగ్గరే ఉన్నారు. జనాన్ని చూసి కౌశల్ మొహం ముడుచుకుని, కారును అవతలి ఒడ్డుకు తిప్పి, పడవలోకి గాలి కొట్టి, ఐదు నిమిషాల్లో వస్తానని వెళ్ళిపోయాడు. ఆ ఐదు నిమిషాలు ఎంతో హరిణికి తెలుసు. గట్టు పట్టుకుని జనం వైపు నడిచింది.

కెంపమ్మ అనే పెద్దావిడ ఆమెను కన్నడంలో పలకరించింది. హరిణి తడబడుతుంటే నవ్వి, తమ ఇంట్లోనూ తెలుగేనంటూ మాట మార్చింది. చెరువు నిండి పొర్లితే గంగమ్మకు బాగినం ఇస్తారట, మన వాయనం లాగా. కొత్త చేటలో బియ్యం, బెల్లం, పసుపు కుంకుమ, గాజులు, రవికగుడ్డ పెట్టి, పైన ఇంకో చేట బోర్లించి, దారం చుట్టి నీళ్ళలో వదులుతారు. కెంపమ్మ దగ్గర ఒకటి మిగిలిపోయింది. కోడలు సుమకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు.

"కట్టిన బాగిన మళ్ళా ఇంటికి ఎత్తుకపోకూడదు అమ్మణ్ణీ. మా కోడలి బదులు నువ్వియ్యి. నీది ఏదన్నా ఒకటి అందులో పెట్టి, మనసులో ఉండేది అనుకో" అంది.

హరిణి పూజల మనిషి కాదు. అమ్మ వీడియో కాల్‌లో గుర్తుచేస్తే తప్ప దీపం పెట్టదు. అయినా చెప్పులు విడిచింది. పెట్టడానికి తనదంటూ ఏముందని బ్యాగు వెతికితే నిమ్మకాయ తగిలింది. చేట దారం వదులు చేసి దాన్నే గాజుల పక్కన పెట్టింది. ఇది నిలవాలి అనుకుంది. ఒక క్షణం ఆగి, ఆ మనిషి కూడా ఒకచోట నిలవాలి అనుకుంది. గాలికి చేట మెల్లగా మిగతా చేటల వెంట లోపలికి పోయింది. ఎన్నో నెలల తర్వాత గుండె నిండా ఊపిరి అందింది. వాళ్ళు పెట్టిన వడపప్పు తిని, ఈసారి చెప్పి తీరాలని కారు దగ్గరకు వచ్చింది.

కౌశల్ కూడా ఎన్నడూ లేనంత హుషారుగా వచ్చాడు, ఉబ్బిపోయిన నల్ల సంచి ఈడ్చుకుంటూ. లేక్ మధ్యలో బుట్టలు కూడా పారేస్తున్నారు, చూడు ఈ జనం, అంటూ ఫొటో కోసం సంచి గుమ్మరించాడు. దారాలు ఊడిన చేటలు, తడిసిన రవికగుడ్డలు, ఆకుపచ్చ గాజులు. వాటిలోంచి ఒక నిమ్మకాయ దొర్లింది. దాన్ని తీసి, నీలాగే ఎవరో గిల్లి మరీ పారేశారు అని నవ్వాడు.

"అది నాదే" అంది హరిణి.

 నీళ్ళకిచ్చింది నీళ్ళలో ఉండలేదు, కట్టుకున్నవాడి చేతుల్లోనే తిరిగొచ్చింది. ఈసారి కూడా అంతేనా అన్న భయం పట్టుకుంది.

"మళ్ళీ నెల తప్పింది కౌశల్. నిలవాలని ఇచ్చా. నువ్వు చెత్తనుకుని ఏరుకొచ్చావు."

 అతని చెయ్యి దానంతటదే జేబులోని కారు తాళాల మీదికి పోవడం హరిణి చూసింది.

"ఎక్కడికీ వద్దు. నేను రాను. పోయినదాని కోసం మనం ఒక్కరోజు కూడా ఏడవలేదు."

కౌశల్ తాళాలు వదిలేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని గాజులూ గుడ్డలూ ఒక్కొక్కటే ఏరి చేటల్లో సర్దసాగాడు. ఏది ఎవరిదో తెలియక చేతులు తడబడ్డాయి. ఈలోగా చేటలు ఎత్తుకుపోతున్న పడవను గట్టు మీంచి చూసిన కెంపమ్మ రొప్పుతూ వచ్చింది. అతను వచ్చీరాని కన్నడంలో తప్పయిపోయిందని చెప్పాడు. తిట్లకు సిద్ధపడే నిలబడ్డాడు. ఆవిడ అతన్నీ, హరిణినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరిది ఏదో ఆ తల్లికి తెలస్తాదిలేప్పా. ఎత్తిన చేత్తోనే మళ్ళా ఇయ్యి. పడవ వద్దు, నీళ్ళలో దిగు."

ఇన్ని చెరువులు తిరిగినవాడు ఏ చెరువులోనూ చీలమండ దాటి తడవలేదు. ఇప్పుడు ప్యాంటుతోనే నడుములోతు దాకా దిగాడు. ఒక్కొక్క చేటా వదిలాడు. గాలి ఇటే వీస్తోంది, చేటలు మళ్ళీ ఒడ్డు ముఖం పట్టాయి. లోపలికి నెట్టాడు. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ నెట్టాడు. ఇటు వీపు పెట్టి నిలబడ్డ మనిషి భుజాలు ఎగిరెగిరిపడటం చూసి హరిణి నీళ్ళ అంచుదాకా వెళ్ళింది.

"పేరు కూడా అనుకున్నా హరీ, అప్పుడు" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నీకు చెప్పలే."

హరిణి అక్కడే తడి మట్టిలో కూలబడి, గొంతెత్తి ఏడ్చింది. కెంపమ్మ ఏమీ అడగకుండా వచ్చి పక్కన కూర్చుంది. కారులో అతని ఫోను మోగి మోగి ఆగిపోయింది.

చేటలన్నీ ఎలాగో లోపలికి పోయాయి, నిమ్మకాయ పెట్టిన చేట తప్ప. అది అతని నడుముకు వచ్చి తగులుతూనే ఉంది. కౌశల్ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇటు తిరిగాడు.

"గాలి తగ్గేదాకా ఇక్కడే ఉందామా?" అని అడిగాడు.