చల్లగా ఉన్న పెట్టె

కంప్యూటర్ తెర మీద పన్ను బొమ్మ సగం తిరిగి ఆగిపోయింది.

"కదలవే తల్లీ!" ఆమె మౌస్‌ను విదిలించింది.

కృత్రిమ దంతాలు తయారుచేసే ల్యాబ్ ఆమెది. ఇంటి ముందు గదిలోనే నడుపుతోంది. ఉదయమంతా గుర్రంలా పరుగెత్తిన కంప్యూటర్, భోజనం చేసి వచ్చేసరికి నత్తనడక పట్టింది. ఎదురు కుర్చీలో ట్రంపెట్ వాయించే ఆయన కూర్చుని ఉన్నాడు. ముందు పన్ను విరిగింది. ఊదితే గాలి ఆ సందులోంచే పోతోంది. నాలుగింటికి పెద్ద బ్యాండులో ఎంపిక పరీక్ష. ఇప్పుడు రెండయింది. డిజైను పూర్తయితే గానీ పన్ను చెక్కే మిషన్ మొదలుకాదు. దానికే నలభై నిమిషాలు. ఆపైన పక్కవీధి డాక్టరు బిగించాలి.

మరిది పరుగున వచ్చాడు. "ఏం చేశావు వదినా?"

"ఏమీ చెయ్యలేదు. రెండుసార్లు ఆపి మళ్ళీ పెట్టాను కూడా."

"అందరూ ఇదే మాట. కంప్యూటర్లే ఊరికే అలుగుతాయి మరి!"

మూలన పేపరు చదువుతున్న మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఇంటింటా కరెంటు మీటర్ల రీడింగులు నమోదు చేసి రిటైరైన మనిషి. "వైరస్ అయ్యుంటుంది. వీడు సినిమాలు దింపింది దీంట్లోకేగా!"

"దింపలేదు నాన్నా!"

మరిది నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచాడు. డిజైను ప్రోగ్రాం తప్ప అన్నీ నిద్రలో ఉన్నాయి. వైరస్ లేదు. డిస్కు సగం ఖాళీ.

"దుమ్ము పట్టి వేడెక్కిందేమో." బల్ల కింద దూరి కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"వదినా, చల్లగా ఉందేంటి?"

"మంచిదేగా?"

"ఇంత బరువు మోస్తూ చెమట పట్టలేదంటే అది మోయట్లేదన్నమాట. ఎవరో కాళ్ళు కట్టేశారు."

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. మరిది ప్రాసెసర్ వేగం చూశాడు. ఉండాల్సినదాంట్లో ఐదో వంతు కూడా లేదు. పవర్ సెట్టింగులు తెరిచాడు. కరెంటు పొదుపు దగ్గర టిక్కు పెట్టి ఉంది. తీసేశాడు.

ఫ్యాను గుయ్యిమంది. పన్ను గిర్రున తిరిగింది. ఆమె వేళ్ళు ఆగలేదు. రెండూ ఇరవైకి మిషన్ పింగాణీ దిమ్మెను చెక్కడం మొదలెట్టింది. ట్రంపెట్ ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇంతకీ ఆ టిక్కు ఎవరు పెట్టారు?" అంది ఆమె.

"ఎవరైతేనేం, మంచి పనే," అన్నారు మామగారు పేపరు తిప్పుతూ. "గదిలో ఎవరూ లేకుండా అది వెలుగుతుంటే, ఆకు బొమ్మ చూపించి 'పొదుపు చెయ్యనా' అని అంత మర్యాదగా అడిగితే ఎవరు మాత్రం వద్దంటారు?"

మరిది తల ఎత్తాడు. "ఆకు బొమ్మా? ఆ సంగతి నీకెలా తెలుసు నాన్నా?"

పేపరు మెల్లగా పైకి లేచి ముఖాన్ని కప్పేసింది.

ఆమె కుర్చీ అటు తిప్పింది.

"దొంగ మీరే, మామయ్యగారూ!"