తలుపుకి అటువైపు మిషను

చెల్లెలికి రేడియేషన్ మధ్యలో ఆపేశారు. కిరణాలు పొత్తికడుపులోని గడ్డ కోసమే అయినా, చుట్టూ ఉన్న ఎముకల్లో రక్తాన్ని తయారుచేసే మూలుగ కూడా వాటికి నీరసించిందట. తెల్లకణాలు పడిపోయాయి.

"అవి పుంజుకోగానే మళ్ళీ మొదలుపెడదాం. అందాకా జలుబున్నవాళ్ళని దగ్గరికి రానివ్వకండి" అంది డాక్టరమ్మ.

మర్నాడే నాకు జలుబు చేసింది.

చెల్లెలి కూతురు మా మధ్య తలుపు మూసేసింది. "పెద్దమ్మా, గుమ్మం దాటావో, కాళ్ళు విరగ్గొడతా!"

మా ఆయన్ని ఆసుపత్రిలో మూసిన తలుపు బయట కూర్చునే పోగొట్టుకున్నాను. అందుకే అటునుంచి కుట్టుమిషను చప్పుడు వినబడుతున్నంతసేపే నాకు ఊపిరాడేది. ఓపిక ఉన్నప్పుడల్లా చెల్లెలు ఏదో కుడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం మిషను ఆగింది. ఎంతకీ మొదలవలేదు. పిల్ల మందుల షాపుకి వెళ్ళింది. పిలిచాను, పలకలేదు. గొళ్ళెం మీద చెయ్యి వేశాను.

సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. ఆపుకోలేకపోయాను. తడిసిన చేతిని చూసుకుని, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాను.

"అబ్బ, అక్కా! గోడలు అదిరిపోయాయే. కాసేపు కునుకు తియ్యనివ్వవా?" లోపల్నుంచి చెల్లెలు.

"మిషను ఆగితే..."

"ఆగితే? పోయాననుకున్నావా?"

"నోర్ముయ్యి!"

"ముందు నువ్వు ముక్కు మూసుకో. ఇంతసేపూ కుట్టింది దానికే. పిల్ల రాగానే పంపిస్తా."

పూల జాకెట్టు ముక్కలతో కుట్టిన మాస్కులవి. నా ముక్కు పొడవుకి సరిగ్గా సరిపోయాయి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కానిచ్చాను.

నా జలుబు తగ్గింది. ఆ తర్వాత చేసిన పరీక్షలో చెల్లెలి కణాలు పెరిగాయి. రేడియేషన్ మళ్ళీ మొదలైంది.

ఆసుపత్రిలో బరువైన తలుపు చెల్లెలి వెనక మూసుకుంది. పూలమాస్కు పెట్టుకుని బయట కూర్చున్నాను. చెవి రిక్కిస్తే లోపల యంత్రం సన్నటి హోరు. ఇంట్లో చప్పుడు ఆగితే ప్రాణం పోయినంత పనయింది. ఇక్కడ ఆగడం కోసమే చూస్తున్నాను.

ఆగింది.

లేచి, తలుపు దగ్గర చెల్లెలు విడిచిన చెప్పుల్ని, రాగానే కాళ్ళు పెట్టుకోవడానికి వీలుగా తిప్పిపెట్టాను.