బుచ్చవ్వ సీమచింత

తార్నాక నుంచి నడిచొచ్చి యూనివర్సిటీ హాస్టల్ వెనక సీమచింత కింద కూర్చోవడం ఆదినారాయణకు పొద్దుటి పని. ఆ హాస్టల్ మెస్సులోనే వంట చేసి రిటైరయ్యాడు. భార్య బుచ్చవ్వ పోయాక ఇంట్లో పొద్దుపోదు, కాళ్లు ఇటే లాగుతాయి. ఇవాళ వచ్చేసరికి చెట్టు మొదలుకు ఎర్రరంగు పూసి ఉంది. పక్కనే కూలి పరుశురాం రంపం మిషన్‌లో నూనె పోస్తున్నాడు.

"జర పక్కకు జరుగు తాతా. బయటి చెట్లన్నీ కొట్టి మన చెట్లు పెడ్తరంట."

"బయటిదేంది? ఇది మా సీమ చెట్టు."

చెట్లకు గుర్తులు పెడుతున్న రీసెర్చ్ అమ్మాయి కరుణ నవ్వింది. "మీ రాయలసీమ కాదు తాతా. సీమ అంటే పరదేశం. ఇది మెక్సికోది."

ఆదినారాయణ చెట్టుకేసి చూశాడు. కడప నుంచి వచ్చిన కొత్తలో లాలాగూడ పిల్ల బుచ్చవ్వ ఈ చెట్టునే చూపించి, "గిది మీ దిక్కుదే. నీలెక్కనే ఒళ్లంత ముండ్లు," అని వెక్కిరించింది. పెళ్లయ్యాకా ఇద్దరూ అదే నమ్మారు. కాయ ఒలిస్తే తియ్యటి ఎర్ర తొనలు ఆమెవి, తెల్లటి వగరువి అతనివి. నాన్‌లోకల్ వాళ్లు పోవాలని క్యాంపస్‌లో కేకలు లేచిన రోజుల్లో అతను మూట సర్దబోతే, "ఎవడన్న అడిగితే బుచ్చవ్వ మొగణ్నని చెప్పు. ఎవడు పంపుతడో చూస్త," అంది.

మిషన్ బుర్రుమంది. పైన చిలకలు గోలగా లేచి, కాసేపు గాల్లో తిరిగి, మళ్లీ ఆ కొమ్మల మీదే వాలాయి.

"ఎవురన్నా అడిగితే," అన్నాడు ఆదినారాయణ కరుణతో, "బుచ్చవ్వ చెట్టని చెప్పమ్మా."

"బుచ్చవ్వ ఎవరు తాతా?"

"నా పెండ్లాం."

కరుణ తలెత్తి చిలకల్ని చూసింది. చుట్టూ అన్నీ ఎండకు మోడువారాయి. కాయ ఉన్నది దీనికే. పోయిన వానల్లో నాటిన వేప, మోదుగ మొక్కలు ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు.

"అన్నా, ఆపు. అవతల సుబాబుల్ పొద కొట్టు. అది దేన్నీ మొలవనిస్తలేదు. ఇది ఉండనీ."

"మీరే గద మేడం రంగు పూసింది?"

"పూసిన. చిలకల్ని అడగక పూసిన. మా సారుతోని మాట్లాడ్త. ఒప్పుకుంటడో లేదో తెల్వదు."

పరుశురాం గొణుక్కుంటూ మిషన్ ఎత్తుకుపోయాడు.

ఆదినారాయణ రాలిన కాయ ఒకటి ఒలిచాడు. తెల్లవి నోట్లో వేసుకున్నాడు. ఎర్రవి, అలవాటు కొద్దీ, పక్కన వేరు మీద పెట్టాడు.